పాఠకుల ప్రశ్నలు: బిల్లీ టిప్టన్ కథ ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

పోయిన నెల పాత జాజ్ రికార్డుల గురించి రాస్తూ, అమెరికన్ పియానిస్టు బిల్లీ టిప్టన్ మీద నాలుగు లైన్లు రాశాను. ఆ నాలుగు లైన్లకి వచ్చినన్ని ఉత్తరాలు మిగతా వ్యాసం మొత్తానికి రాలేదు. అందుకని ఈసారి శీర్షిక అంతా ఆయనకే ఇచ్చేస్తున్నాను. వంకాయ తోటలా పెరిగిన ఉత్తరాలను కొంచెం కత్తిరించాను, ఏమీ అనుకోకండి.

ప్రశ్న: "టిప్టన్ వాయించాడు" అని రాశారు. నెట్‌లో చూస్తే ఆయన అసలు ఆడమనిషి అని ఉంది. తెలియక రాశారా, తెలిసే రాశారా?
– ఎస్.ఆర్., బ్యాంకు ఉద్యోగి

తెలిసే రాశాను. సంగతి తెలియనివాళ్ల కోసం ముందు కథ చెప్తాను.

టిప్టన్ 1914 డిసెంబరు 29న ఓక్లహోమా సిటీలో పుట్టాడు. తల్లిదండ్రులు విడిపోయాక కాన్సస్ సిటీలో బంధువుల ఇంట్లో పెరిగాడు. అప్పటికి అందరి లెక్కలో ఆడపిల్ల. పియానో, శాక్సొఫోన్ నేర్చుకున్నాడు. స్కూలు బ్యాండులో మగపిల్లల్నే తీసుకునేవారు కాబట్టి అక్కడ చోటు దొరకలేదు. 1933 ప్రాంతంలో, అమెరికా అంతా పనుల్లేక అల్లాడుతున్న రోజుల్లో, ఛాతీకి గుడ్డ బిగించి కట్టుకుని, మగవాళ్ల సూటు తొడుక్కుని, బిల్లీ లీ టిప్టన్ అన్న పేరుతో బ్యాండుల్లో చేరాడు. మొదట్లో ఇది స్టేజీ వరకే. 1940 నాటికి ఇంటా బయటా మగవాడిగానే బతుకుతున్నాడు.

ఆ తర్వాత మిడ్‌వెస్ట్‌లో, టెక్సస్‌లో, చివరికి వాయవ్య రాష్ట్రాల్లో ఊరూరా తిరిగి వాయించాడు. 1950లలో సొంతంగా ముగ్గురి బృందం పెట్టుకున్నాడు. 1957లో టాప్స్ అనే చిన్న కంపెనీ ఆయన పియానోతో రెండు ఎల్పీలు తెచ్చింది. 1958లో వాషింగ్టన్ రాష్ట్రంలోని స్పొకేన్‌లో స్థిరపడ్డాడు. పెళ్లాం, దత్తత తెచ్చుకున్న ముగ్గురు కొడుకులు, స్కూలు పేరెంట్స్ సంఘం, పిల్లల స్కౌటు కార్యక్రమాలు. 1989 జనవరి 21న కడుపులో పుండు పగిలి చనిపోయాడు. అంబులెన్సులో వచ్చినవాళ్లు చొక్కా విప్పినప్పుడుగానీ పక్కనే ఉన్న కొడుక్కి విషయం తెలియలేదు.

ఇక మీ ప్రశ్న. ఒక మనిషి సుమారు యాభై ఏళ్లు తన పేరు ఇదీ, తను ఇదీ అని చెప్పుకున్నాడు. డ్రైవింగ్ లైసెన్సు నుంచి రికార్డు అట్ట దాకా అదే పేరు. చనిపోయిన రోజు ఒంటి మీద కనిపించినదాన్ని పట్టుకుని ఆ యాభై ఏళ్లనీ కొట్టేసే అధికారం నాకుందని నేననుకోను. "వాయించాడు" అనే రాస్తాను.

ప్రశ్న: కాపురం చేసిన భార్యలకి కూడా తెలియదంటే నమ్మశక్యంగా లేదు. ఎలా సాధ్యం?
– ఇదే ప్రశ్న చాలామంది అడిగారు, పేర్లు వేయొద్దన్నారు

వేయను.

వేర్వేరు కాలాల్లో మిసెస్ టిప్టన్ అనిపించుకున్నవాళ్లు ఐదుగురు. మొదటి ఆవిడకి తెలుసు. ఓక్లహోమాలో వాళ్లిద్దరూ కలిసి ఉన్న రోజుల్లో తోటి వాద్యకారులకీ తెలుసు. తర్వాతివాళ్లతో ఆయన ఒకటే కథ చెప్పేవాడు: ఘోరమైన కారు ప్రమాదం జరిగింది, పక్కటెముకలు విరిగాయి, మర్మాంగాలు దెబ్బతిన్నాయి, ఛాతీకి కట్టు లేనిదే ఉండలేను అని. స్నానాల గది తలుపు ఎప్పుడూ గడియ పడే ఉండేది. చివరి భార్యకి ఆరోగ్యం బాగుండేది కాదు, శరీర సంబంధం లేని కాపురం ఆవిడకీ సమ్మతమే.

1989లో విలేఖరులు కూడా ఆ ఇంటి మీద ఈ ప్రశ్నతోనే పడ్డారు. ట్యాబ్లాయిడ్లలో వచ్చింది, టీవీ టాక్ షోలలో ఇంటివాళ్లని కూర్చోబెట్టి మళ్లీ మళ్లీ అడిగారు. ఆ ప్రశ్నలో ఒక తిరకాసుంది. "తెలియదు" అంటే ఆ ఆడవాళ్లు తెలివితక్కువవాళ్లు, "తెలుసు" అంటే అబద్ధాలకోరులు. ఏది చెప్పినా తల వంచుకోవాల్సిందే. మనలో ఎంతమందిమి మొగుడో పెళ్లామో చెప్పిన పాత గాయం కథని డాక్టరు సర్టిఫికెట్ అడిగి నమ్ముతాం? చెప్పింది నమ్మారు, కాపురం చేశారు. అందులో నమ్మశక్యం కానిది నాకేమీ కనపడలేదు.

ప్రశ్న: నేను కీబోర్డు వాయిస్తాను. పని కోసం ఎవరైనా ఏ వేషమైనా వేస్తారు. పాపం, ఆ రోజుల్లో ఆడవాళ్లకి జాజ్‌లో చోటు లేక అలా చేసి ఉంటుంది. దీనికి లింగ గుర్తింపు అని పెద్ద పేరు ఎందుకు?
– పి.వి.ఎన్.

అందరూ ముందు పట్టుకునేది ఈ వాదననే. టిప్టన్ చనిపోయినప్పుడు పేపర్లు రాసిందీ ఇదే. సగం నిజం కాబట్టే ఇన్నాళ్లు నిలబడింది.

చోటు తక్కువన్నది నిజం. అయితే తలుపు పూర్తిగా మూసేసి లేదు. 1930లలో, టిప్టన్ పెరిగిన కాన్సస్ సిటీలోనే, ఆండీ కిర్క్ బ్యాండుకి పియానిస్టు మేరీ లూ విలియమ్స్. వాయించడమే కాదు, ఆ బ్యాండు పాటలకి కూర్పు కూడా ఆవిడదే. అంతకు ముందే షికాగోలో పియానిస్టు లిల్ హార్డిన్ ఉంది. 1934లో ఐనా రే హటన్ అందరూ ఆడవాళ్లే ఉన్న బ్యాండు నడిపింది. 1937లో మిసిసిపీలోని ఒక స్కూల్లో మొదలైన ఇంటర్నేషనల్ స్వీట్‌హార్ట్స్ ఆఫ్ రిథమ్ దేశమంతా తిరిగింది. బాకాలు ఊదేవాళ్లకి ఉన్నంత కష్టం పియానో వాయించే ఆడవాళ్లకి లేదు. టిప్టన్ ముఖ్యంగా పియానో మనిషి. ఆ దారిన పోవాలంటే పోగలిగేవాడు. సుఖంగా కాకపోవచ్చు.

పోనీ, తిండి కోసమే మొదలుపెట్టాడనుకుందాం. తర్వాత ఏం జరిగిందో చూడండి.

1958లో నెవాడాలోని రీనో నుంచి పెద్ద అవకాశం వచ్చింది. కొత్తగా కట్టిన హోటల్లో ఆస్థాన బృందంగా ఉండాలి, లిబరాచీ లాంటి పియానో స్టార్ కచేరీకి ముందు వాయించాలి. వాద్యకారుడిగా పైకి పోవడమే లక్ష్యమైతే ఎగిరి గంతేసి ఒప్పుకోవాల్సింది. ఒద్దన్నాడు. స్పొకేన్ వచ్చి ఒక ఏజెన్సీలో కళాకారులకి ప్రోగ్రాములు కుదిర్చే పనిలో చేరాడు. సాయంత్రాలు ఊళ్లోనే ఒక క్లబ్బులో వాయించుకున్నాడు. పేరు పెరిగితే చూసే కళ్లూ పెరుగుతాయని భయపడ్డాడని చాలామంది అంటారు, అయ్యుండొచ్చు. మనం గమనించాల్సింది వేరే ఉంది. పని కోసం వేషం వేసినవాడు వేషం కోసం పని వదులుకోడు కదా.

ఫోన్ల మీద ప్రోగ్రాములు మాట్లాడే పనికి ఛాతీ బిగించి కట్టుకోనక్కర్లేదు. 1970ల చివరికి కీళ్లవాతం వచ్చి వేళ్లు పట్టు తప్పాయి, వాయించడం ఆగిపోయింది. భార్యతో విడిపోయి కొడుకులతో మొబైల్ హోమ్‌లోకి మారాడు. చేతిలో డబ్బుల్లేవు. అప్పటికి ఆయన్ని మగవాడిగా ఉంచడం వల్ల దక్కే ఉద్యోగం ఒక్కటీ లేదు. అయినా మారలేదు. కడుపు నొప్పితో మెలికలు తిరుగుతూ కూడా డాక్టరు దగ్గరికి పోనన్నాడు. ఉద్యోగం కోసం తొడుక్కున్న కోటైతే ఉద్యోగం పోయిన రోజున విప్పేయొచ్చు. ప్రాణం మీదికి వచ్చినా విప్పలేదంటే అది కోటు కాదు.

ఇంకో ముచ్చట. టిప్టన్ బృందం కచేరీల మధ్య కామెడీ స్కిట్లు కూడా వేసేది. లిబరాచీని, ఎల్విస్ ప్రెస్లీని అనుకరించేవాడు. కొన్నిట్లో చిన్న ఆడపిల్ల వేషం కట్టేవాడు. జనం పడీపడీ నవ్వేవారు, మగవాడు గౌను వేసుకున్నాడని! దొరికిపోతానేమోనని క్షణక్షణం వణికే మనిషి చేసే పని కాదిది. తను మగవాడన్న విషయంలో ఆయనకి ఎంత ధీమా లేకపోతే ఆ జోకు వేస్తాడో, కీబోర్డు వాయించేవారు, స్టేజీ ఎక్కేవారు, మీకే బాగా తెలియాలి.

ప్రశ్న: టిప్టన్ మీద మంచి జీవితచరిత్ర ఏది?
– డా. కె.ఎల్., అధ్యాపకురాలు

పెద్ద పుస్తకం ఒకటే: డయాన్ మిడిల్‌బ్రూక్ 1998లో రాసిన 'సూట్స్ మీ'. ఆవిడ స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్‌గా పనిచేసింది. అంతకు ముందు 1991లో కవయిత్రి ఆన్ సెక్స్‌టన్ జీవితం రాసినప్పుడు, సెక్స్‌టన్ తన మానసిక వైద్యుడితో మాట్లాడుకున్న టేపులు కూడా వాడుకున్నందుకు పెద్ద గొడవే అయింది. చచ్చిపోయినవాళ్ల గుట్టు ఎంతవరకు విప్పొచ్చు అన్న ప్రశ్న ఆవిడకి కొత్త కాదన్నమాట. టిప్టన్ చివరి భార్యే ఆవిడని పిలిచి ఈ పుస్తకం రాయమంది.

చదవండి. టిప్టన్ ఎక్కడెక్కడ వాయించాడు, ఎవరితో తిరిగాడు, ఎలా నవ్వించాడు అన్నది మనకి తెలిసిందంటే ఆ పుస్తకం పుణ్యమే. ఆవిడ అంత శ్రమ పడి మనుషుల్ని వెతికి మాట్లాడించకపోతే మనకి మిగిలేవి ట్యాబ్లాయిడ్ హెడింగులు. ఆ ఋణం ఉంచుకునే నా అభ్యంతరం చెప్తున్నాను.

ఉపశీర్షికలోనే 'డబుల్ లైఫ్' అని ఉంటుంది. పుస్తకమంతా ఆ మాట నీడలోనే నడుస్తుంది. టిప్టన్‌ని ఒకచోట 'ఆయన' అంటుంది, ఇంకోచోట 'ఆమె' అంటుంది. పైన కనిపించే మగవాడు ఒక నటన, లోపల దాక్కున్న ఆడమనిషి అసలు పాత్రధారి అన్న చూపు అది. గొప్ప నటి, సాటిలేని నటన అని మెచ్చుకుంటున్నట్టే ఉంటుంది. కానీ మెప్పుతో పాటు ఒక నిర్ణయం కూడా వచ్చేస్తుంది. నటన అంటే తెర వెనక ఇంకో మనిషి ఉండాలి. ఆ ఇంకో మనిషిని చూసినవాళ్లు ఎవరు? ఆయన దాదాపు జీవితాంతం సంబంధాలు ఉంచుకున్న ఇద్దరు అక్కచెల్లెళ్ల వరస బంధువులకి పుట్టుక సంగతి తెలుసు, సరే. కానీ పుట్టుక తెలిసినంత మాత్రాన, ఇంటికొచ్చి తలుపేసుకుని ఆడమనిషిగా మారిపోయే టిప్టన్ అంటూ ఒకరున్నారని తేలదు. ఒక్కటే జీవితం. అందులో ఒక రహస్యం ఉంది. రహస్యం ఉన్నంత మాత్రాన జీవితాలు రెండైపోవు.

నేను చాలా ఏళ్లు పత్రికలో నివాళుల పేజీ చూశాను. ఆ పనిలో నేర్చుకున్నది ఒకటుంది. మనిషి కథ ఎక్కడ మొదలుపెడతామో అక్కడే తీర్పు సగం రాసేస్తాం. టిప్టన్ గురించి ఎక్కడ చదివినా మొదటి సీను ఆ మొబైల్ హోమ్, ఆ అంబులెన్సు మనుషులు, ఆ విప్పిన చొక్కా. అక్కణ్ణుంచి వెనక్కి నడిచామా, దారిలో కనిపించే ప్రతి సూటూ మారువేషమే, ప్రతి పెళ్లీ మోసమే. స్నానాల గది గడియ సాక్ష్యం అయిపోతుంది. అదే కాన్సస్ సిటీలో పియానో ముందు కూర్చున్న పిల్లవాడి నుంచి ముందుకి నడిస్తే, బండెడు కష్టాలు పడి తను అనుకున్న మనిషిగా బతికినవాడు కనిపిస్తాడు. రెండు కథల్లోనూ తేదీలు, ఊళ్లు, పాటలు అవే. డిటెక్టివ్ నవలకి చివరి పేజీ ముఖ్యం. మనిషి జీవితానికి చివరి పావుగంట అంత ముఖ్యమా?

మిడిల్‌బ్రూక్‌ని అంతా తప్పు పట్టడం కూడా నాకు నచ్చదు. టిప్టన్ తన గురించి వివరణ ఏదీ రాసిపెట్టలేదు. ఆవిడ ఉన్న ఆధారాల మీద ఊహ అల్లింది. జీవితచరిత్ర రాసే ఎవరైనా ఆ పని చేయాల్సిందే. కానీ ఊహించేటప్పుడు, ఇలాంటి జీవితం గడిపినవాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని అడిగి ఉంటే పుస్తకం ఇంకోలా వచ్చేది. వాళ్లు అప్పటికే ఉన్నారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో లూ సలివన్ అనే ట్రాన్స్ పురుషుడు (పుట్టినప్పుడు ఆడపిల్ల అన్నా మగవాడిగా బతికినవాడు), 1936లో చనిపోయిన జాక్ గార్లండ్ జీవితాన్ని 1990లోనే పుస్తకంగా రాశాడు. గార్లండ్‌దీ ఇంచుమించు ఇలాంటి కథే. సలివన్ ఎక్కడా నోరు తెరుచుకుని ఆశ్చర్యపోడు. ఆశ్చర్యం లేకపోయేసరికి పేజీల్లో చోటు మిగిలి, గార్లండ్ ఏం చేశాడన్నది కనిపిస్తుంది.

నవలలు చదివే అలవాటుంటే, అదే 1998లో స్కాట్లండ్ రచయిత్రి జాకీ కే రాసిన 'ట్రంపెట్' చూడండి. టిప్టన్ కథలోంచి పుట్టినదే. అందులో పోయిన వాద్యకారుడి మీద పుస్తకం రాసి సొమ్ము చేసుకుందామని తిరిగే ఒక జర్నలిస్టు ఉంటుంది. ఆ పాత్రని చదువుతుంటే నాకు ఒళ్లు మండింది, కొంచెం సిగ్గూ వేసింది. మా వృత్తే కదా.

ప్రశ్న: నిజంగా ట్రాన్స్‌జెండర్ అయితే ఆపరేషన్ చేయించుకుని బయటికి చెప్పొచ్చుగా?
– ఎం., విద్యార్థి

ఎక్కడ, ఎవరికి చెప్పుకుంటాడు నాయనా? ఇంగ్లండులో మైకేల్ డిలన్ అనే ట్రాన్స్ పురుషుడు 1940లలో ఆపరేషన్లు చేయించుకున్నాడు గానీ అది వేళ్ల మీద లెక్కపెట్టే వ్యవహారం. అమెరికాలో ఈ విషయం ఇంటింటికీ తెలిసింది 1952లో, డెన్మార్క్ వెళ్లి ఆడమనిషిగా మారే ఆపరేషన్ చేయించుకున్న క్రిస్టీన్ జోర్గెన్సన్ వార్త పేపర్లలో పడ్డాక. ఆవిడ్ని ఏ మీడియా ఎలా చుట్టుముట్టిందో, పియానో వాయించుకుని బతుకుతున్న ముప్ఫై ఏడేళ్ల టిప్టన్ కూడా చదివే ఉంటాడు. దానికి తోడు ఒక లింగానికి చెందినవాళ్లు ఇంకో లింగం బట్టలు తొడుక్కుంటే పట్టుకుపోయే చట్టాలు చాలా అమెరికన్ నగరాల్లో ఉండేవి. శాన్‌ఫ్రాన్సిస్కోలో 1863లో పెట్టిన అలాంటి చట్టం తీసేసింది 1974లో. ఆయనకి బ్యాండుంది, ఇల్లుంది, దత్తత తెచ్చుకున్న పిల్లలున్నారు. నోరు తెరిస్తే మూడూ పోతాయి.

ఇంకోటి. ఆపరేషన్ అయితేనే ట్రాన్స్‌జెండర్ అన్న లెక్క ఎక్కడా లేదు.

ప్రశ్న: పుట్టినప్పటి పేరు మీరు ఎక్కడా రాయలేదు. దాచడం ఎందుకు?
– ఎస్.ఆర్. (మళ్లీ)

దాచలేదు, అవసరం పడలేదు. మీరు నెట్‌లో చూసే ఉన్నారు కదా! బడి రిజిస్టరో, జనన ధృవీకరణో పరిశోధించేవాళ్లకి ఆ పేరు కావాలి, వాళ్లు రాసుకోవాలి. పియానో గురించి మాట్లాడుకునేచోట ఆ పేరుతో పనిలేదు.

ప్రశ్న: కొడుకులకి చెప్పకపోవడం అన్యాయం కాదా? నేనైతే క్షమించలేను.
– ఒక తండ్రి

మీ బాధ అర్థమవుతోంది. తండ్రి కళ్లముందే చనిపోతుంటే, అదే నిమిషంలో ఆ విషయమూ తెలియడం ఏ కొడుక్కీ రాకూడదు. ఆ తర్వాత కెమెరాలు. తండ్రి కోసం ఏడవడానికి కూడా వ్యవధి ఇవ్వలేదు వాళ్లకి.

2020లో కెనడా నుంచి 'నో ఆర్డినరీ మ్యాన్' అని ఒక డాక్యుమెంటరీ వచ్చింది. ఆస్లింగ్ చిన్-యీ, చేజ్ జాయింట్ తీశారు. అందులో ట్రాన్స్ నటులు ఒకరి తర్వాత ఒకరు టిప్టన్ పాత్రకి ఆడిషన్ ఇస్తుంటారు. కొడుకుల్లో ఒకాయన కూడా మాట్లాడతాడు. తన తండ్రి కథ ఇంతమందికి ఇంత ముఖ్యమని ఆయనకి అన్నేళ్లూ ఎవరూ చెప్పలేదు. క్షమించాలా వద్దా అన్నది వాళ్లింటి విషయం, నేను జడ్జీని కాను. ఆ సినిమా చూశాక మీకేమనిపించిందో మాత్రం రాయండి, వేస్తాను.

ప్రశ్న: ఇలాంటి వాద్యకారులు, గాయకులు ఇంకెవరైనా ఉన్నారా?
– జి.

ఉన్నారు. గోస్పెల్ పాటలు వినేవాళ్లకి విల్మర్ బ్రాడ్‌నాక్స్ తెలిసే ఉంటాడు, 'లిటిల్ యాక్స్' అనేవారు. స్పిరిట్ ఆఫ్ మెంఫిస్ బృందంలో పాడాడు. మనిషి పొట్టి, గొంతు మాత్రం కప్పు ఎగిరిపోయేలా ఉంటుంది. 1992లో హత్యకి గురయ్యాకే ఆయన పుట్టుక సంగతి బయటపడింది. నల్లజాతి మనిషి కాబట్టో, చర్చి పాటలు కాబట్టో, టిప్టన్‌కి జరిగినంత హడావుడి ఆయనకి జరగలేదు. అది అదృష్టమో దురదృష్టమో మీరే చెప్పాలి.

ప్రశ్న: ఈ గొడవంతా సరే. అసలు బాగా వాయించేవాడా?
– టి.ఎస్., పాత రికార్డుల పిచ్చివాడు

హమ్మయ్య, ఒక్కరైనా అడిగారు!

గొప్పవాడు అనను. కొత్త దారి తొక్కినవాడు కాదు. ఆయన బృందం గుర్తింపు పాట 'ఫ్లయింగ్ హోమ్'. దాన్ని బెన్నీ గుడ్‌మన్ బ్యాండునీ, అందులోని పియానిస్టు టెడ్డీ విల్సన్‌నీ అచ్చుగుద్దినట్టు అనుకరించి వాయించేవాళ్లు. టాప్స్ కంపెనీ తెచ్చిన రెండు ఎల్పీలూ జనం అప్పటికే ఈలవేసే పాత పాటలతో నింపినవే. మొదటి దాని పేరే 'స్వీట్ జార్జియా బ్రౌన్'. ఆ ఏడాది రెండూ కలిపి 17,678 అమ్ముడయ్యాయి, చిన్న కంపెనీకి బాగానే వచ్చినట్టు. 1957లో జాజ్ ఎంత దూరం వెళ్లిపోయిందో తెలిసినవాళ్లకి ఈ రికార్డులు పదిహేనేళ్లు వెనక ఉన్నట్టు అనిపిస్తాయి.

కానీ చేయి శుభ్రంగా ఉంటుంది. ఎడమ చేయి తాళం ఎక్కడా జారదు, కుడి చేయి తొందరపడదు, స్వరం కొట్టి వదిలేసే తీరులో ఒక మర్యాద ఉంటుంది. రాత్రి క్లబ్బులో భోంచేసేవాళ్ల మాటలకి అడ్డం రాకుండా, పాట వినేవాళ్లని నిరాశపరచకుండా వాయించడం వచ్చినవాడు. ఆ విద్య చాలామంది గొప్పవాళ్లకి రాదు. ముందు 'స్వీట్ జార్జియా బ్రౌన్' వినండి, రెండో ఎల్పీ తర్వాత చూద్దురుగాని.